పట్నం దవాఖానకు దారి ఊరి బోరు దగ్గరే మొదలవుతుంది

నెల కిందట మా పెద్దమ్మను తీసుకొని హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు వెళ్లాను. ఉదయం ఆరున్నరకే ఓపీ చీటీల లైను గేటు దాటింది. నిలబడ్డ వాళ్లందరి చేతుల్లో ఒకే రకం ప్లాస్టిక్ కవర్లు. లోపల పాత చీటీలు, ఎక్స్‌రేలు, ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు. ఎవరిని పలకరించినా దేవరకొండ, కల్వకుర్తి, నారాయణఖేడ్, అచ్చంపేట. రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి ఎంజీబీఎస్‌లో దిగి, అక్కడే మొహం కడుక్కొని వచ్చినవాళ్లు.

పెద్దమ్మది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు ఒక పల్లె. అరవై ఇంకా నిండలేదు. మోకాళ్లు వంగవు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేదు, మనిషంతా తిరగాల్సిందే. ఎముకల డాక్టర్ చూసి చీటీ రాశారు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ ఎనిమిదే ఉందని ఇంకో గదికి పంపారు. అక్కడ షుగర్ కూడా ఉందని తేలి మూడో గదికి వెళ్లాం. మూడు గదులు, మూడు చీటీలు, మూడు రకాల గోలీలు. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చొని టిఫిన్ డబ్బా విప్పుతూ అడిగింది: "ఒక్క పెయ్యికి ఇన్ని బీమార్లేంది బిడ్డా?"

డాక్టర్లు ముగ్గురూ ఓపిగ్గానే చూశారు. కానీ ఆమె అడిగిన ప్రశ్న ఎవరి గదిలోకీ రాదు. నేను దాని వెంట పడి చదువుతూ, తెలిసినవాళ్లను అడుగుతూ పోతే, దారి తిరిగి తిరిగి ఆమె ఊరి బోరు దగ్గర ఆగింది.

ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఆకలి రెండోది, ఆరోగ్యం మూడోది, నీళ్లు ఆరోది. కాగితం మీద వేర్వేరు నంబర్లు. పెద్దమ్మ ఇంట్లో మాత్రం ఈ మూడూ ఒకే పొద్దున, ఒకే చేతుల మీదుగా జరుగుతాయి. సుస్థిరం అనే మాట సభల్లో విని విని అరిగిపోయింది కానీ, పల్లెలో దానికి సూటి అర్థం ఒకటుంది. పెట్టిన ఏర్పాటు, పెట్టినవాళ్లు వెళ్లిపోయాక కూడా నడవాలి. పల్లె ఆరోగ్యం ఎక్కడ తెగిపోతోందో చూడటానికి నాకు ఈ అర్థమే ఎక్కువగా పనికొచ్చింది.

రాయి లోపలి నీళ్లు

తెలంగాణ నేల కింద చాలాభాగం గ్రానైటు లాంటి గట్టి రాయే. పైన కొన్ని మీటర్ల మేర ఆ రాయి శిథిలమై, వదులై ఉంటుంది. వాన నీళ్లు ఎక్కువగా నిలిచేది అక్కడే. దాని కింద పగుళ్లలో మాత్రమే నీళ్లు. పాత మోట బావులు ఆ పై పొర మీద బతికాయి. చెరువు నిండితే బావిలో ఊట పెరిగేది. చెరువులు పూడి, కట్టలు తెగి, బావులు ఎండాక బోర్లు దిగాయి. రెండు వందల అడుగులతో మొదలై ఐదు వందలు, కొన్నిచోట్ల వెయ్యి దాకా వెళ్లాయి.

లోతుకు పోయినకొద్దీ దొరికేవి ఏళ్ల తరబడి రాతిని ఒరుసుకొని ఉన్న నీళ్లు. ఈ ప్రాంతపు రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. నీళ్లలో కాల్షియం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్నచోట ఆ ఫ్లోరైడ్ ఇంకా తేలిగ్గా కరుగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన ప్రమాణం. వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లు చిన్నప్పుడు తాగితే పళ్ల మీద గార పట్టినట్టు మచ్చలు పడతాయి. ఏళ్లకేళ్లు తాగితే ఎముకలు మందమై, కీళ్లను పట్టి ఉంచే బంధనాలు కూడా ఎముకలా గట్టిపడతాయి. మెడ తిరగకపోవడం, నడుము వంగకపోవడం అలా వస్తుంది. వంగిన ఎముకను మళ్లీ చక్కచేసే మందు లేదు. నొప్పికి గోలీ ఇవ్వడం, ఇక ముందు తాగే నీళ్లు మార్చడం, చేయగలిగింది ఇంతే.

ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది కూడా తెలుగు నేల మీదే. 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. హైదరాబాద్‌కు ఈ కథలో ఇంకా దగ్గరి పాత్ర ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు 1970ల మొదట్లో నల్లగొండ పల్లెల్లో ఒక కొత్త రూపం చూశారు. కుర్రవాళ్ల మోకాళ్లు లోపలికి వంగి, ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలాక చుట్టుపక్కల భూగర్భ జలం పైకి వచ్చి, నేల గుణం మారి, అక్కడ పండే జొన్నలో మాలిబ్డినం అనే లోహం పెరిగి, దానివల్ల ఒంట్లో రాగి తగ్గిపోతోందని, ఫ్లోరైడ్‌కు ఇది తోడయిందని వాళ్లు అనుమానించారు. సాగర్ కట్టకపోతే ఎన్ని ఊళ్లు ఎండేవో అందరికీ తెలుసు. కానీ డ్యామ్ కట్టిన ఇంజినీరు లెక్కల్లో పిల్లవాడి మోకాలు లేదు, అది ఆయన శాఖ కాదు కాబట్టి. యాభై ఏళ్ల తర్వాత కూడా మన పద్ధతి పెద్దగా మారలేదు.

నల్లగొండ పేరు ప్రపంచానికి ఇంకో రకంగా కూడా తెలుసు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, నీళ్లను కలియబెట్టి, తేర్చి, వడగట్టి ఫ్లోరైడ్ తీసే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసింది. దాని పేరే నల్లగొండ విధానం. టాంజానియా, కెన్యా, ఇథియోపియా దాకా వెళ్లింది. ఇక్కడి ఊళ్లలో మాత్రం చాలాచోట్ల మూలనపడింది. పటిక మోతాదు ఆ రోజు నీళ్లను బట్టి చూసి వేయాలి, అడుగున చేరే బురద ఎక్కడో పారబోయాలి. రోజూ ఆ పని చేసే మనిషికి జీతం ఎవరిస్తారన్నది ఎవరూ తేల్చలేదు.

చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది, హైదరాబాద్‌లో ఉండి రాస్తున్నాను కాబట్టి. 2004లో కృష్ణా నీళ్లు మన నగరానికి వచ్చాయి. ఆ పైపు అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి నల్లగొండ జిల్లా గుండానే వచ్చింది. దారిలో కొన్ని ఊళ్లకు నీళ్లు అందినా, జిల్లాలో ఎన్నో పల్లెలు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి బోరు నీళ్లే తాగాయి. మా ఇంట్లో ట్యాంకు నిండి పొర్లుతున్నప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

మిషన్ భగీరథ ఆ అన్యాయాన్ని చాలావరకు సరిదిద్దింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్, 2016 ఆగస్టులో గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండలో ప్రారంభం. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్ల శుద్ధి చేసిన నది నీళ్లు ఇంటి నల్లాకు రావాలన్నది లక్ష్యం. పెద్దమ్మ ఇంటికీ నల్లా వచ్చింది. మరి ఏ నీళ్లు తాగుతున్నావని అడిగాను.

"నల్లా నీళ్లు మంచిగనే వస్తయి బిడ్డా. బోళ్లకు, స్నానాలకు అవే. తాగనీకి క్యాన్."

ఎందుకట? నల్లా నీళ్లకు మందు వాసన. ఒక్కోసారి రెండు రోజులు రావు. పైపు పగిలితే మట్టి నీళ్లు. ఊళ్లో ఫిల్టర్ ప్లాంటు క్యాన్ పది రూపాయలు, తియ్యగా ఉంటాయి. ఆ ప్లాంటు తోడేది మళ్లీ అదే బోరు. సరిగ్గా నడిస్తే అది ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది. దాంతోపాటు కాల్షియాన్నీ తీసేస్తుంది. తోడిన నీళ్లలో పెద్ద వాటా చిక్కటి ఉప్పు నీళ్లుగా మోరీ పాలవుతుంది. నీళ్లు వడగట్టే పొరను మార్చాల్సిన టైముకు మార్చకపోతే క్యాన్‌లోకి ఏం వస్తోందో ఎవరికీ తెలియదు. వేల కోట్లతో నది నీళ్లు గడప దాకా వచ్చాయి. గ్లాసులోకి రావడానికి ఆ ఒక్క అడుగు దగ్గర ఆగిపోయాయి. ఆ వాసన క్లోరిన్‌దని, రాత్రి మూత తీసిన పాత్రలో గుడ్డ కట్టి ఉంచితే పొద్దుటికి తగ్గుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పడం పైపులేసిన వాళ్ల పని కాదు, ఆశా కార్యకర్త పనిగానూ ఎవరూ అనుకోలేదు.

పాత కాలంలో ప్రతి చెరువుకూ ఒక నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి, కట్ట మీద ఎక్కడ ఎలుక బొరియ పడింది, అలుగు దగ్గర ఏ రాయి కదిలింది అన్నీ అతనికి తెలుసు. పంటలో అతనికి వాటా ఉండేది. ఆ వ్యవస్థలో కులం ఉంది, వెట్టి ఉంది. అది తిరిగి రావాలని నేను కోరుకోను. కానీ చెరువుకు ఒక మనిషి ఉండాలన్న ఆలోచన పోగొట్టుకున్నాం. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తెలంగాణలోని 46 వేలకు పైగా చెరువుల్లో విడతలవారీగా పూడిక తీయాలనుకున్నారు. తీసిన చోట ఒండ్రుమట్టి పొలాల్లో పడింది, బావుల్లో నీళ్లు పైకి వచ్చాయి. పై పొరలో కొత్త వాన నీళ్లు చేరితే ఫ్లోరైడ్ గాఢత కూడా పలచబడే అవకాశం ఉంది. అంటే చెరువు పూడిక తీయడం వ్యవసాయ పనీ అవుతుంది, ఎముకల వైద్యమూ అవుతుంది. అయితే పూడిక ఒకసారి తీస్తే సరిపోదు, మళ్లీ చేరుతుంది. పదేళ్ల తర్వాత ఎవరు తీస్తారు?

కంచంలోకి వచ్చిన బోరు

రెండో గది సంగతికి వస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం. అంతకు ముందు సర్వేలో పిల్లల లెక్క 60.7. మధ్యలో రాష్ట్రం ధనికమైంది, దవాఖానలు పెరిగాయి, నూటికి 97 కాన్పులు ఆసుపత్రిలోనే అవుతున్నాయి. అయినా పిల్లల నెత్తురు పలచబడింది.

కారణం ఒక్కటే అని చెప్పలేం. నులిపురుగులు, వెంటవెంట కాన్పులు, చిన్న వయసు పెళ్లిళ్లు అన్నీ ఉన్నాయి. కానీ కంచం వైపు చూడకుండా ఈ లెక్క అర్థం కాదు. బోరు వచ్చింది, కరెంటు ఉచితమైంది, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటలూ వస్తోంది. వరి వేస్తే సర్కారు కొంటుంది, మిగతా పంటలకు ఆ భరోసా లేదు. రైతు వరి వేయడంలో తప్పు ఏముంది? చెలకల్లో జొన్న, కంది, పెసర, అనుములు కలిసి ఉండే చోట వరో పత్తో ఒక్కటే మిగిలింది. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల బియ్యం, 2025 ఉగాది నుంచి అవి సన్నబియ్యం. తిండి గింజలకు కొరత లేదు, గింజల్లో రకం పోయింది.

పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో పాలిష్ పట్టిన బియ్యంలో నూరు గ్రాములకు ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు; సజ్జల్లో ఆరుకు పైగా ఉంది. తైదల్లో (రాగుల్లో) కాల్షియం 360 మిల్లీగ్రాముల పైమాటే, బియ్యంలో పది లోపు. సజ్జల్లోని ఇనుమంతా ఒంటికి పట్టదు, నిజమే, కానీ తేడా అంత ఉంది. ఇక్కడే పెద్దమ్మ మొదటి గది, రెండో గది కలుస్తాయి. తిండిలో కాల్షియం తక్కువైన ఒంటికి ఫ్లోరైడ్ చేసే కీడు ఎక్కువ. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని అదే సంస్థ బడిపిల్లల మీద చేసిన అధ్యయనం 2002లో అచ్చయింది. పులుసు ఒక్కటే మందని నేననను. ఏం తింటున్నామన్నది ఏం తాగుతున్నామన్న దాని నుంచి విడిగా ఉండదని మాత్రం అది చూపించింది. మూడో గది కూడా దూరం లేదు. మూడు పూటలా తెల్లన్నం తిని, పప్పు పలచబడి, నడక తగ్గాక షుగర్ రావడం వింత కాదు.

అలాగని పాత తిండి అంతా అమృతమని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. జొన్న ఒక్కటే తిని బతికిన కూలీ ఇళ్లలో పెల్లాగ్రా ఉండేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొరలు లేచేది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో దీన్ని జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లంతో ముడిపెట్టి రాసింది ఈ హైదరాబాద్ నుంచే. జొన్న పక్కన పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉన్న ఇంట్లో అది కనిపించేది కాదు. గింజ ఏదైనా ఒక్కదాని మీదే బతికితే ఒళ్లు చెడుతుంది.

జహీరాబాద్ ఎర్రచెలకల్లో ఒకసారి వానాకాలం చివర్లో తిరిగాను. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980ల నుంచి దళిత మహిళా సంఘాలతో పనిచేస్తున్న ప్రాంతం. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజు 2019లో ఈ మహిళలకు వచ్చింది. ఎకరం కూడా లేని ఒక చెలకలో ఒక అక్క నన్ను గట్టు మీద నిలబెట్టి వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. జొన్న, మధ్యలో కంది, సాళ్ల నడుమ పెసర, మినుము, ఒక పక్క కొర్ర, గట్టు మీద అనుములు, నువ్వులు. తర్వాత కిందికి వంగి, నేను గడ్డి అనుకొని తొక్కుతున్నదాన్ని తెంపి ఒళ్లో వేసుకుంది. గంగవాయిలి, జొన్నచెంచలి, దొగ్గలి. విత్తనం వేయని, నీళ్లు పెట్టని కూరలు. "మందు కొట్టిన చేన్ల ఇవి మొలవయన్నా" అంది. గడ్డి మందు కొట్టిన రోజు కలుపు కూలీ మిగిలిందని లెక్క రాసుకుంటాం. ఆ సాయంత్రం కంచంలో మాయమైన ఆకుకూర ఏ లెక్కలోనూ రాదు. ఇనుము గోలీల కోసం మనం పెట్టే ఖర్చులో కొంత ఈ పోయిన కూర తాలూకు బాకీయే అని నేను నమ్ముతున్నాను.

మరి పెద్దమ్మ ఊరు జొన్నకు ఎందుకు మళ్లదు? ఆమెనే అడిగాను. "జొన్నేస్తే పిట్టలకే సరిపోతది. కావలెవ్వలుంటరు? కొట్టెదెవ్వలు, దంచెదెవ్వలు?" పట్నంలో మిల్లెట్ల మీద సభలు పెట్టేవాళ్లు వినాల్సిన మాట ఇది. బియ్యం మిల్లు దగ్గర్లోనే ఉంటుంది. కొర్ర పొట్టు తీసే యంత్రం కోసం ఎంత దూరమైనా పోవాలి. పని మళ్లీ ఆడవాళ్ల రోలు మీద పడేట్టయితే వాళ్లు వద్దనడమే న్యాయం. రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ పొట్టు తీసే, పిండి పట్టే పద్ధతుల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ యంత్రం మండలానికి ఒకటి చొప్పున మహిళా సంఘం చేతికి వచ్చి, అంగన్‌వాడీ వంటకు వాళ్ల దగ్గరే కొంటే, సంఘానికి ఆదాయం, పిల్లలకు తిండి, చేనుకు తక్కువ నీళ్ల పంట ఒకేసారి కుదురుతాయి. సరుకు కొనే భరోసా లేకుండా రైతుకు పంట మార్చమని చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మందు, మిత్తి

పెదనాన్న సంగతి చెప్పలేదు. ఆయన పత్తికి మందు కొడతాడు. వీపున తైవాన్ పంపు, కాళ్లకు చెప్పులుండవు, ముక్కుకు తువ్వాల. మందు కలిపేది కర్రతో, తొందరలో చేత్తోనే. కొట్టిన రాత్రి తలనొప్పి, వాంతులు. పొద్దున ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకొని మళ్లీ చేనుకు. ఒంటి నొప్పులకు గోలీలు పుడికెడు కొనుక్కుంటారు. ఈ గోలీలు ఏళ్ల తరబడి వేసుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయని ఊళ్లో చెప్పేవాళ్లు ఉండాలి.

మందు దుకాణం ఉద్దెరకిస్తుంది. మిత్తి పడుతుంది. పంట ఆ దుకాణదారుకే అమ్మాలి. అందువల్ల ఏ మందు, ఎన్నిసార్లు అన్నది కూడా ఆయనే చెబుతాడు. పురుగు మందుల విషం ఒంట్లోకి పోవడానికి ఈ ఉద్దెర ఖాతా కూడా ఒక దారి అని నేను మొదట్లో గ్రహించలేదు.

ఈ ముడి విప్పిన ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి. పాల్వంచ దగ్గర పునుకుల అచ్చం ఇలాంటి పత్తి ఊరే. 2004 ప్రాంతంలో పురుగుమందు లేని ఊరిగా తీర్మానం చేసుకుంది. అక్కడ పట్టుబట్టింది ఆడవాళ్లు. మగవాళ్లు మందు కొట్టి పడిపోతే చాకిరీ, అప్పు రెండూ తమ మీదే పడుతున్నాయని వాళ్లకు తెలుసు. వేప గింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణం, చేను చుట్టూ ఆముదం, మగ పురుగులను వాసనతో పట్టే లింగాకర్షక బుట్టలు వాడారు. జనగామ జిల్లా లింగాలఘనపూర్ మండలంలోని ఏనబావి 2006లో రసాయన ఎరువులు కూడా మానేసి సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం వంటి సంస్థలు ఈ పని వెనక ఉన్నాయి. ఇలాంటి ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా మిగలడానికి కారణం, రసాయన ఎరువుకు సబ్సిడీ బస్తా మీదే ఉంటుంది, కషాయం కాచే ఆమె కూలీకి ఎక్కడా పద్దు లేదు.

ఇంకో మాట బరువుతో రాస్తున్నాను. చేతికందే దూరంలో ఘోరమైన విషం డబ్బా ఉండటమే పల్లెల్లో ఎన్నో ప్రాణాలు తీసింది. శ్రీలంక అత్యంత ప్రమాదకరమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధించాక ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. వ్యవసాయ శాఖ తీసుకునే ఒక నిర్ణయం ఇన్ని ఇళ్లను నిలబెట్టగలదు.

పట్నం పల్లెకు పంపేవి

పల్లె నుంచి రోగులు పట్నానికి వస్తారు. పట్నం నుంచి పల్లెకు వెళ్లేది మూసీ. కృష్ణా, గోదావరి నుంచి మనం తెచ్చుకున్న నీళ్లు వాడి, మురికి చేసి, ఆ నదిలో వదులుతాం. ప్రతాపసింగారం, పోచంపల్లి, వలిగొండ వైపు పొలాలు ఆ నీళ్లతోనే పారుతాయి. నాట్లేసే ఆడవాళ్లు కాళ్లకు దురదలని చెబుతారు. పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగు పొడవునా చెరువులను, బావులను చెడగొట్టాయి. అక్కడ ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో రాశారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదాని కంటే ఇది ఎక్కువ. వాగులోని క్రిములు మందుకు అలవాటుపడితే, రేపు ఆ ఊరి పిల్లకు జ్వరమొచ్చినప్పుడు అదే గోలీ పనిచేయకపోవచ్చు. పల్లె ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు పల్లెవాళ్ల అలవాట్ల దగ్గరే ఆగిపోవడం మనకు సులువు. మన మోరీ ఎక్కడికి పోతోందో కూడా అదే చర్చలో ఉండాలి.

ఊళ్లోనే కలిసే చోటు

వైద్యం అక్కర్లేదని ఎవరూ అనుకోకూడదు. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నియమం. 2005 నుంచి ఆశా కార్యకర్తలున్నారు. అదే ఏడాది ఆగస్టు 15న 108 అంబులెన్స్ హైదరాబాద్‌లో మొదలైంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో ఇప్పుడు పది లక్షలు. గుండె ఆపరేషన్‌కు పొలం అమ్ముకునే రోజులు కొంతైనా తగ్గాయి. కానీ ఆరోగ్యశ్రీ ప్రధానంగా మంచమెక్కిన తర్వాత కాసే పథకం. పెద్దమ్మ మోకాలు మంచమెక్కకుండా ఆపాల్సినవన్నీ వేరే శాఖల్లో ఉన్నాయి. భగీరథ ఒకరిది, చెరువు ఒకరిది, పంట ఒకరిది, అంగన్‌వాడీ ఒకరిది, ఉపకేంద్రం ఇంకొకరిది.

ఇవన్నీ కలిసే చోటు చట్టంలో ముందే ఉంది. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించవచ్చన్న 29 అంశాల్లో తాగునీరు, ఆరోగ్యం, వ్యవసాయం, చిన్న నీటి వనరులు, స్త్రీ శిశు సంక్షేమం అన్నీ ఉన్నాయి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని ఒకటి ఊరికొకటి ఉండాలి. దానికి ఏడాదికి 10,000 రూపాయల నిధి. చిన్న మొత్తమే, కానీ ఊరు తన ఇష్టప్రకారం ఖర్చు చేసుకోగల డబ్బు. సిద్దిపేట దగ్గర ఇబ్రహీంపూర్‌లో ఇంటింటికీ ఇంకుడు గుంతలు తవ్వుకుంటే మోరీ నీళ్లు నిలవడం పోయింది, దోమలు తగ్గాయి. ఒక గుంత, కొన్ని రాళ్లు, కొంచెం ఇసుక. భూమిలోకి నీళ్లు వెళ్లాయి, డెంగీ భయం తగ్గింది. ఇది నీళ్ల శాఖ పనా, ఆరోగ్య శాఖ పనా అని అక్కడ ఎవరూ ఆగి అడగలేదు.

పెద్దమ్మను ఎల్బీనగర్‌లో బస్సెక్కించే ముందు ఒక పని చెప్పాను. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్లు పరీక్షించే కిట్ వాడటం నేర్పాలి. మీ ఊళ్లో ఎవరో కనుక్కొని మూడు నీళ్లూ చూపించమన్నాను: నల్లా, క్యాన్, బోరు. వారానికి ఫోన్ చేసింది. మహిళా సంఘంలోని కోడలి వరసమ్మాయి దగ్గర కిట్ దొరికిందట, అప్పటిదాకా సీలు విప్పలేదట. రంగు చూసి చెప్పింది. బోరు నీళ్లు ఒకటిన్నర గీత దాటాయి. నల్లా నీళ్లు, క్యాన్ నీళ్లు ఒకటి లోపే ఉన్నాయి.

"గట్లయితే క్యాన్ పైసలెందుకు బిడ్డా, నల్లా నీళ్లే తాగుత" అంది. ఒక క్షణం ఆగి, "మరి బర్లకో? వాటి తొట్టి బోరుకే ఉంది కదా" అని అడిగింది.

నిజమే. ఫ్లోరైడ్ పశువుల పళ్లను, ఎముకలను కూడా తింటుంది. భగీరథ లెక్క మనుషులకే వేశారు. ఆ తొట్టికి చెరువు నీళ్లు ఎట్లా తెప్పించాలో అడగడానికి రేపు గ్రామసభకు పోతానంది.